మొక్కు పొట్టేలు, మంత్రిగారి రాయి

యుద్ధాలు దేశాల తలరాత మార్చాయని లావుపాటి పుస్తకాలు రాసినవాళ్లున్నారు. వాళ్లెవరూ గొర్రెలు కాసి ఉండరు. దేవరకొండ దాటి మహబూబ్‌నగర్ వైపు పోతుంటే బండరాళ్లూ తుమ్మచెట్లూ తప్ప ఇంకేమీ కనిపించని మా ఊళ్లో, యుద్ధమొచ్చినా ఉద్యమమొచ్చినా ముందు మా మంద దగ్గరికొచ్చి బలిసిన గొర్రె ఏదని అడిగేవి. నిజాం కాలంలో రజాకార్లు తిన్నారు. వాళ్లను తరిమిన ఎర్రజెండా సంఘంవాళ్లు తిన్నారు, కాకపోతే కూర బాగుందని చెప్పి మరీ తిన్నారు. సంఘంవాళ్లను పట్టడానికొచ్చిన యూనియన్ మిలిటరీ తిన్నది. ఇదంతా మా అవ్వ, అంటే బాపు తల్లి, చెప్పగా విన్నదే. "జెండా ఏదైతేంది బిడ్డా, అందరికీ తొడకూరే గావాలె" అనేది అవ్వ.

మా చిన్నాయిన, బాపు తమ్ముడు, సంఘంతో తిరిగాడని మిలిటరీ వాళ్లు లారీ ఎక్కించి తీసుకుపోయారు. నేనప్పుడు చంకపిల్లను. లారీ ఎటు పోయిందో చెప్పినవాడు లేడు. చంపామనీ అనలేదు, జైల్లో పెట్టామనీ అనలేదు. చిన్నమ్మకు అప్పటికి పెళ్లయి ఏడాది కూడా కాలేదు. కొడుకు తిరిగొస్తే పొట్టేలునిస్తానని అవ్వ మల్లన్నకు మొక్కి, ఒక పొట్టేలు మెడకు గంట కట్టింది. మొక్కిన పొట్టేలును అమ్మరు, కోయరు. అది ముసలిదై పోతే దాని పిల్లల్లో ఒకదానికి ఆ గంటే కడతారు. ఆ గంట మోగినన్నాళ్లూ చిన్నమ్మ చేతికి గాజులు, నుదుట బొట్టు ఉంటాయని మా కులపెద్దలు కూడా ఒప్పుకున్నారు.

ఇక మా దొర. ఆ పెద్దమనిషిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిజాం ఉన్నన్నాళ్లు రూమీ టోపీ పెట్టాడు. మిలిటరీ జీపులో ముందు కూర్చొని చిన్నాయిన ఇల్లు చూపించింది ఈయనే. కాలం మారగానే తెల్ల టోపీ పెట్టి, స్వాతంత్ర్యం తానే మూటగట్టుకొని తెచ్చినట్టు తిరిగాడు. భూదానం గాలి వీచినప్పుడు ఊరి పక్క గుట్టను దానం చేసి దండ వేయించుకున్నాడు. ఆ గుట్ట మీద మా మేకలు తప్ప ఏ నాగలీ ఏనాడూ ఎక్కలేదు. రాష్ట్రాలు కలిపినప్పుడు బడిపిల్లలకు బెల్లం పంచి మా చేత చప్పట్లు కొట్టించాడు. ఎందుకు కొడుతున్నామో మా పంతులుకే తెలియదు.

చైనా యుద్ధమప్పుడైతే, మంచుకొండల్లో జవాన్లు చలికి చస్తున్నారని ఇల్లిల్లూ తిరిగి గొంగళ్లు వసూలు చేశాడు. అవ్వ ఇంకా ఒక్కసారీ కప్పుకోని కొత్త గొంగడి తీసిచ్చింది. ఏ తల్లి కన్న కొడుకులో అని ఏడ్చింది కూడా. ఆ మరుసటి వానాకాలం అదే గొంగడి దొర గడీలో పల్లికాయ బస్తాల మీద కప్పి ఉంది. అంచుకు అవ్వ వేయించుకున్న ఎర్రపోగును నేను గుర్తుపట్టాను. హిమాలయాలు మా దొర కొట్టం దాకా వచ్చాయని అప్పుడు తెలిసింది నాకు.

ఇంత చేసినవాడు అరవైలు సగం దాటాక, ఓట్లు దగ్గరపడగానే, నిజాం మీద పోరాడి చచ్చిన అమరవీరులకు రాయి నిలబెడతానన్నాడు. మంత్రి వస్తున్నాడు. ఆయనకు చూపించడానికి ఊళ్లో దవాఖాన లేదు, బడికి కప్పు లేదు. చచ్చినవాళ్లు మాత్రం ఉన్నారు. చావడి ముందు నిలువెత్తు బండ పాతించి, పైన మంత్రి పేరు, దాని కింద తన పేరు లోతుగా చెక్కించాడు. చచ్చినవాళ్లకు అంత ఖర్చు దండగనుకున్నాడేమో, కింది సగానికి సున్నం పూయించి వాళ్ల పేర్లు నల్లరంగుతో రాయించాడు. అందులోనూ పొలాలున్న ఇళ్లవాళ్లు పైన, లేనివాళ్లు కింద. అందరికంటే అడుగున మా చిన్నాయిన.

సంగతి తెలిసి అవ్వ గడీకి పోయింది. వెంట నేనూ, బాపూ.

"నా కొడుకు సచ్చిండని నీకెవలు జెప్పిన్రు దొరా?"

"గిన్నేండ్లాయె, బతికుంటే రాడానే? రాయి మీద పేరుంటది, సంతోషపడు."

"పేరు ఎవనిక్కావాలె? గా రాయి మీద వాడు సస్తే ఈడ నా కోడలి గాజులు పలగ్గొడ్తరు."

దొర ఆ మాట విననట్టే బాపు వైపు తిరిగాడు. "మంత్రిగారి విందుకు గా గంట పొట్టేలును తోల్కరా. మందల గదే బలిసింది."

బాపు తలవంచుకున్నాడు. మా మంద మేసేది దొర బీళ్లలో. అవ్వ మాత్రం "మొక్కు పొట్టేలు దొరా, దేవుణ్ణి అడగాలె" అంది.

మాలో పద్ధతేమిటంటే, పొట్టేలు మీద పసుపునీళ్లు పోసి చూస్తాం. అది ఒళ్లు విదిలిస్తే దేవుడు తీసుకున్నట్టు. విదిలించకపోతే ఇంకా వద్దన్నట్టు.

"మొక్కింది కొడుకు వస్తే ఇస్తనని" అంది అవ్వ. "వాడు రాకముందే దేవుడు తీస్కుంటే వాడు లేనట్టే. కోస్కోరి, పేరు రాస్కోరి. ఇదిలియ్యకుంటే మాత్రం పేరు తుడిపియ్యాలె."

దొర నవ్వి సరేనన్నాడు. నీళ్లు పడితే విదిలించని గొర్రె ఉంటుందా అని ఆయన ధీమా. నా భయం కూడా అదే. అవ్వ ఎందుకింత పందెం కట్టిందని ఇంటికొచ్చాక ఆమె మీద అరిచాను కూడా.

మంత్రి వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. అమరుల నెత్తుటితోనే జాతి మొలకెత్తుతుందని ఆయన ఉపన్యాసమిచ్చాడు. నెత్తుటి సంగతి తెలిసినవాళ్లంతా ఎండలో కింద కూర్చున్నారు, తెలియనివాళ్లు షామియానా కింద కుర్చీల్లో ఉన్నారు. తర్వాత పొట్టేలును తెచ్చారు. పలుపు చిన్నమ్మ చేతిలో ఉంది. అవ్వ చెంబెడు పసుపునీళ్లు దాని నెత్తి మీద, వీపు మీద పోసి పక్కకు జరిగింది.

చెవుల మీంచి నీళ్లు కారుతున్నాయి. పొట్టేలు కదలలేదు. చిన్నమ్మ పలుపు సర్దుకున్నప్పుడల్లా గాజులు చప్పుడవుతున్నాయి. ఆ చప్పుడుకే పొట్టేలు ఎక్కడ విదిలిస్తుందోనని నా భయం.

"ఏమండీ, ఇంకా ఎంతసేపు?" అని మంత్రి గడియారం చూసుకున్నాడు.

"దేవుని పని సార్, జర ఆగాలె" అన్నాడు దొర. సర్కారుకు జడవని మనిషికి మల్లన్నంటే భయం.

పొట్టేలు మెడ చాచి, మంత్రి కోసం కట్టిన తోరణంలోంచి మామిడాకు ఒకటి లాక్కొని నమలడం మొదలుపెట్టింది. అది నమిలి మింగింది, ఇంకొకటి లాగింది. చివరికి వీపు మీది నీళ్లు ఎండకు ఆరిపోయాయి.

"ఇదిలియ్యలే" అంది అవ్వ.

మంత్రి లేచి రాయి మీది గుడ్డ లాగేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నాయిన పేరు ఉన్నచోటే ఉంది.

"తుడిపిస్తనంటివి గద దొరా" అంది అవ్వ.

"మంత్రిగారు తెరిచిన రాయిని ముట్టుకుంటరానే? గది సర్కారు రాత."

విందుకు మా మందలోంచే వేరే గొర్రెలను తోలుకుపోయారు. మంత్రి కడుపునిండా తిని, కారెక్కి నల్గొండ పోయాడు.

మర్నాడు కులపెద్దలు మా ఇంటికొచ్చి తలలు వంచుకొని కూర్చున్నారు. "సర్కారే రాసినంక మేమేం జేస్తం అక్కా. మంచిది కాదు, గాజులు తీయిద్దాం" అన్నారు. అవ్వ ఏదో అనబోయేలోపు చిన్నమ్మ లేచింది. పెద్దల ముందు ఏనాడూ నోరెత్తని మనిషి. పొట్టేలు పలుపు పట్టుకొని నేరుగా చావడి దగ్గరికి పోయి, దాన్ని ఆ రాయికే కట్టేసింది.

"దేవుడు ఇంకా ఎదురుసూస్తుండు. మీరూ సూడున్రి" అంది, వెనకాలే వచ్చిన పెద్దలతో.

వాళ్లు ఎటువాళ్లు అటు వెళ్లిపోయారు. దొర మనుషులు వచ్చి చూశారు గాని, మొక్కు పొట్టేలు పలుపు విప్పడానికి ఒక్కడికీ ధైర్యం చాలలేదు. ఆ రోజు మొదలు మంద మేతకు పోయేదాకా ఒక పూట, తిరిగొచ్చాక ఒక పూట చిన్నమ్మ దాన్ని అక్కడే కట్టేది. కట్టేసిన పొట్టేలు ఊరికే ఉండదు. కొమ్ములు రాయికి రాసుకునేది, దురద పుట్టినప్పుడల్లా పక్కలు రుద్దుకునేది. దాని ఎత్తుకు అందేది అడుగు వరుస ఒక్కటే. వానలు పడేనాటికి చిన్నాయిన పేరు మీది నల్లరంగూ, కింది సున్నమూ పోయి ఉత్త బండ మిగిలింది.

కులపెద్దలు ఒకరోజు వచ్చి వంగి చూశారు. "పేరు లేదు గద" అన్నాడు అందులో పెద్దాయన. గాజులు తీసే మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు.

దొర పేరు ఇప్పటికీ చదవొచ్చు, అంత లోతుగా చెక్కించుకున్నాడు. చిన్నాయిన రాలేదు. రాడని చిన్నమ్మకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది. ఎన్నో ఏళ్లకు ఆమె పోయినప్పుడు నేనే స్నానం చేయించాను. చేతులకు కొత్త గాజులు తొడిగి సాగనంపాం.