మాట్లాడే పలక

మీట నొక్కితే మాట్లాడే పలక మీద రోగి వేలు తడుముకుంటున్నంతసేపూ థెరపిస్టు తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటుంది. తాను వేలు పెడితే ఆ మాట రోగిది కాకుండా పోతుందని ఆమె పట్టుదల. ఇంటివాళ్లు తొందరపడితే, "ఆగండమ్మా, ఆయన్నే చెప్పనివ్వండి" అంటుంది.

గొంతు పడిపోయిన ముసలి దర్జీ చనిపోయిన వారానికి ఆయన పలకను కోడలు తిరిగి తెచ్చింది. "మామయ్య దీన్ని ముట్టుకున్నదే లేదండీ. కొత్తదానిలా ఉంది."

ఇంకొకరికి ఇచ్చేముందు పలకలో నమోదై ఉన్న పాత మాటలు చెరిపేయాలి. చెరిపేముందు ఒకసారి చదవడం థెరపిస్టు అలవాటు. చివరి రోజున ఒకే మీట నూట పన్నెండుసార్లు నొక్కి ఉంది: "అమ్మాయ్, ఒక్కసారి ఇటు రా."

ఆమె కూడా నొక్కి చూసింది. చప్పుడు లేదు. శబ్దాన్ని ఎవరో సున్నాకి తగ్గించి పెట్టారు.

"బాగానే పనిచేస్తోందా?" అంది కోడలు.

థెరపిస్టు చేతులు రెండూ తొడల కిందికి పోయాయి.