ఆ రోజు వంగిన మోకాలు

ఈ బరువు గుండెల్లో దాచుకుని మా ఆయన్ని కాటికి సాగనంపాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే వేరొకరు రాస్తున్నారు. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను.

మా ఆయన మిలటరీలో పనిచేశాడు. కొండదారిలో బండి బోల్తాపడి కుడి మోకాలు చితికింది. ఇంటికి పంపేటప్పుడు కాలు ఎంత శాతం పాడయిందో లెక్క వేస్తారు, పింఛను దాన్నిబట్టే. ఆయనకి తక్కువ వేశారు. కలకత్తాకి దగ్గర ఊళ్ళో, పూరీ గేట్ అనే పేటలో మా ఇంట్లో కింద కూర్చుని అన్నం తినలేని మనిషికి అంత తక్కువా? అప్పీలు పెట్టాడు. ఏళ్ళు తిరిగాక, కలకత్తాలో డాక్టర్ల బోర్డు ముందుకి మళ్ళీ రమ్మన్నారు. మోకాలు ఎంతవరకు వంగుతుందో కొలిచి తేలుస్తారట.

అప్పటికి ఆయన ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా. కాంట్రాక్టరు మా ఊరి ఇందా బజారులో నన్ను ఆపి, కాలు పనికిరాదని కాగితం తెచ్చుకున్నవాణ్ణి గేటు దగ్గర ఉంచలేను దీదీ అన్నాడు. ఆ మాట ఆయనకి చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతే పోనీ అనేవాడు. పింఛను పెరుగుతుందో లేదో, ఈలోగా ఉన్న కూడు పోతే? భయం అంటున్నాను. భయమేనా? ఆ అప్పీలు గొడవంటే నాకు విసుగు పుట్టలేదా?

రోజూ జిల్లేడాకుకి ఆముదం రాసి, వెచ్చచేసి మోకాలికి కట్టేదాన్ని. నొప్పి మాత్ర ఇచ్చేదాన్ని. బోర్డు రోజు దగ్గరపడగానే రెండూ వద్దన్నాడు.

"డాక్టర్లని ఉన్న కాలు ఉన్నట్టు సూడనీ. నువ్వు దానికి ముస్తాబు సెయ్యకు" అని నవ్వాడు.

ఆ రోజుల్లో ఆయన పడ్డ బాధ కళ్ళారా చూశాను. చూసి కూడా, బయల్దేరే పొద్దున టీలో ఆ నొప్పి మాత్రలు నూరి కలిపాను. ఒకటి కాదు. చేదుగా ఉందంటే టీపొడి ఎక్కువైందన్నాను.

సాయంత్రం వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"వంగిపోనాదే. ఆ డాక్టర్లు వంచితే వంగిపోనాది."

"మంచిదే కదా మావా."

"ఇన్నేళ్ళూ నాను నాటకమాడినానేటే?"

"నాకేటి తెలుసు?" అన్నాను.

అప్పీలు కొట్టేశారు. ఉద్యోగం నిలిచింది. ఆయన ఆ కాలి మీదే నిలబడ్డాడు. మాత్రలు కలపడం కన్నా ఆ జవాబే పెద్ద తప్పని ఇప్పుడనిపిస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత ఎంత నొప్పి వచ్చినా అది నిజమేనా అని తన ఒంటినే తను అనుమానించుకున్నాడు. ఆకు కడతానంటే కాలు లాక్కునేవాడు. ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాను. అప్పుడూ చెప్పలేదు. తిడతాడనా? తిట్టే మనిషి కాదు. నన్ను చూసే చూపు మారిపోతుందని.

మన్నించమని మిమ్మల్ని అడగను. మన్నించాల్సిన మనిషి లేడు. ఆ డాక్టర్లకి చెప్పాల్సింది, ఆయనకి చెప్పాల్సింది, ఇప్పటికి మీతో అన్నాను. కాస్త ఊపిరాడుతోంది. ఆయన నాటకమాడలేదు. ఆ మోకాలు వంగేది కాదు.