రాని చుట్టం

ఆ విమానాశ్రయానికి వచ్చే విమానాలు రోజుకు రెండే. రన్‌వే మాత్రం మూడున్నర కిలోమీటర్లు. అంతరిక్షనౌకకు పైన ఏదైనా తేడా వస్తే ఇక్కడ దించాలని ఏవేవో దేశాలు సంతకాలు పెట్టుకున్నాయి. సంతకాలు వాళ్ళవి, చాకిరీ లైట్ల మేస్త్రీది. పొద్దున్నే రన్‌వే మీద రాయీ రప్పా ఏరడం, దీపాలు తుడవడం, ఆర్నెల్లకోసారి సైరన్ మోగించి ఉత్తుత్తి కసరత్తు చేయడం. పదిహేడేళ్ళుగా అదే వరస.

"మీ చుట్టం వచ్చాడా?" అని భార్య ఆటపట్టించేది. "రాని చుట్టానికి ఇంత మర్యాదా! మా పుట్టింటివాళ్ళొస్తే ఎప్పుడైనా వాకిలి ఊడ్చారా?"

ఆమె రోజూ మధ్యాహ్నం అవతలి కొసన రన్‌వే దాటి క్యారేజీ తెచ్చేది. చుట్టూ తిరిగితే గంట నడక. అందుకే కంచెకు మేస్త్రీయే కన్నం పెట్టాడు. తప్పని తెలుసు, కానీ వేడి అన్నం రుచి మరిగాడు. మొదటిసారి సైరన్‌కి ఆమె హడలిపోతే, "ఉత్తుత్తిదేనే పిచ్చిదానా!" అని నవ్వాడు. అప్పటినుంచి సైరన్ మోగినప్పుడల్లా ఆమె రన్‌వే నడిమధ్య ఆగి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది ఆగేదాకా చుట్టం కోసం ఆకాశమంతా వెతికేది. అతను పడీపడీ నవ్వేవాడు.

ఆరోజు పన్నెండున్నరకు ఎర్ర ఫోను మోగింది. కసరత్తయితే అధికారి మొదట "ఉత్తుత్తి" అనాలి. అనలేదు.

"వస్తోంది. ఎనిమిది నిమిషాలు. దానికి ఇంజను పనిచెయ్యదు, దిగడం మొదలయ్యాక మళ్ళీ పైకి లేవదు. రన్‌వే మీద చీమ కూడా ఉండకూడదు."

మేస్త్రీ సైరన్ నొక్కాడు. ఒకసారి నొక్కితే పది నిమిషాలు మోగి కానీ ఆగదు. దీపాలన్నీ వెలిగించేసరికి ఐదు నిమిషాలు పోయాయి. బైనాక్యులర్‌లో అవతలి కొస చూశాడు. నౌక నేల తాకాల్సిన చోటే ఆమె నిలబడి ఉంది, నుదుటికి చెయ్యి పెట్టుకుని.

జీపును పక్క గడ్డిలోంచి ఉరికించాడు. హారన్ కొట్టాడు, గొంతు చించుకుని అరిచాడు. ఆ సైరన్ హోరులో ఏదీ వినిపించదు. చేజేతులా నేర్పిన ఆట అది. భయపడితే బతికేది, ఆ భయాన్ని తనే పోగొట్టాడు.

పైన రెండుసార్లు ఢాం ఢామ్మని మోగింది. నౌక గాలిని చీల్చుకుంటూ వస్తున్న చప్పుడు, ఏ కసరత్తులోనూ విననిది.

ఇంకా అరకిలోమీటరు ఉందనగా ఆమె జీపును చూసింది. క్యారేజీ కింద పెట్టి, ఉన్నచోటనుంచి కదలకుండా, సంబరంగా వేలెత్తి ఆకాశంలోకి చూపించింది.