ఈక ఉన్న నీలం

మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, ఇశ్రాయేలు ఉంగరాల్లో రాళ్లు పొదుగుతాడు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక గల్లీలో కిరాయి దుకాణం. పదో తరగతి మధ్యలో బడి మానేసినప్పటి నుంచి నేను ఆయన పక్కన కూర్చుని ఉంగరాలకు మెరుగు పెడుతున్నాను. ఆయన గురించి రాయాలంటే ఆయన భయం గురించే రాయాలి.

ఎవరు రాయి తెచ్చినా ముందు భూతద్దం చేతికిస్తాడు. లోపల ఈకలా కనిపించే పగులు చూపిస్తాడు. చూశామని వాళ్ల నోటితో అనిపించుకున్నాకే పని ముట్టుకుంటాడు. వయసులో ఉండగా పాతబస్తీలో ఒక సేటు కెంపు ఆయన చేతిలో రెండయిందట. మంచి రాయి దాచేసి పగిలింది పెట్టాడని స్తంభానికి కట్టి కొట్టారు. భూమిలో రాయి స్ఫటికంగా పేరుకునేటప్పుడే ఎక్కడో వరుస తప్పుతుందని, విరిగితే అక్కడే విరుగుతుందని చెప్పినా వినలేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన రోజుల్లో ఒక బంద్ నాడు షట్టర్ సగం దించుకుని లోపల కూర్చున్నాం. బయట నినాదాలు, పరుగులు. బాష్పవాయువుకు కళ్లు మండుతున్నాయి. చైతన్యపురిలో ఉండే వేదవతి గారు వంగి లోపలికి వచ్చారు. గుడివాడ వైపు వాళ్లు. జనం తోసుకుంటుంటే ఎవరో దించిన షట్టర్ కింద ఆమె వేలు నలిగింది. నీలం ఉంగరం చుట్టూ వాచి, వేలు నల్లబడుతోంది.

"దవాఖానకు పోండ్రి అమ్మా" అన్నాడు పెద్దబాపు.

"ఎవరు పోనిస్తున్నారండీ? మలక్‌పేట దాకా రోడ్డంతా మీవాళ్లే. ఉంగరం కోసెయ్యండి. రాయికి మాత్రం ఏమీ కాకూడదు. ఇది విరిగితే మా ఆయన ప్రాణానికే ముప్పని పంతులుగారు చెప్పారు. పొద్దున ఎల్బీనగర్ వెళ్లిన మనిషి, ఫోను ఎత్తట్లేదు."

పెద్దబాపు భూతద్దం తీశాడు.

"ముందుగాల గిది చూడుండ్రి."

"ఇప్పుడా? వేలు పోతుంటే!"

"చూస్తెనే రంపం పట్టుకుంట."

"బాగుందండీ. బయట మీవాళ్లు బస్సు అద్దాలు పగలగొడుతుంటే, లోపల మీరు నా రాయి పగులుతుందంటారు."

"గది పుట్టుకతోనే పగిలింది తల్లీ. గీ గీత చూడుండ్రి, అంచు దాక ఒచ్చింది. ఉంగరం వంచితే విరగొచ్చు."

ఆమె చాలాసేపు చూశారు. "ఉంది. చూశాను" అన్నారు.

వేలికీ ఉంగరానికీ మధ్య సన్న రేకు దూర్చి, కింది వైపు కోశాడు. నేను రాయిని తడిగుడ్డతో పట్టుకున్నాను. కోసిన చోట పట్టకారుతో మెల్లగా విప్పుతుండగా రోడ్డు మీది నుంచి ఎవరో విసిరిన రాయి వచ్చి మా షట్టర్‌కు తగిలింది. ఆయన చెయ్యి అదిరింది. నా వేళ్ల కింద టిక్‌మంది.

ఉంగరం ఊడింది. గుడ్డ విప్పితే నీలం రెండు ముక్కలు.

వేదవతి గారు పెద్దగా అరిచారు. పక్క దుకాణం వెంకటేశ్వరరావు గారు, వాళ్ల ఊరివైపు ఆయనే, ఇద్దరు మనుషులతో షట్టర్ ఎత్తి లోపలికి వచ్చారు.

"ఏమైందమ్మా? ఏం చేశాడు?"

పెద్దబాపు లేచి గోడకు ఆనుకున్నాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, కట్టడానికి ఇస్తున్నట్టు.

వేదవతి గారు ముక్కల వైపు చూశారు.

"ఏమీ చెయ్యలేదండీ. పగులు ముందే ఉంది. నేను చూశాను."

వాళ్లు వెళ్లాక ఆమె ఫోను పట్టుకుని మళ్లీ మళ్లీ నొక్కారు. వేలికి ఎరుపు తిరిగి వస్తోంది, అటు చూడనే లేదు. చివరికి ఆమె భర్త గంగాధరరావు గారి గొంతు మాకూ వినిపించింది.

"కొత్తపేటలో ఎవరింట్లోనో కూర్చున్నానే. గొడవ తగ్గేదాకా కదలొద్దన్నారు. చాయ్ కూడా ఇచ్చారు. నువ్వెక్కడ?"

ఆమె నేల మీద కూలబడి ఏడ్చారు. రాయి మాట ఎత్తలేదు.

పెద్దబాపు ముక్కల్ని కాగితంలో పెట్టి, భూతద్దంతో సహా ఆమె ముందుకు జరిపాడు.

"రెండిటి మీద సగం సగం ఈక ఉంది, చూడుండ్రి. రాయి మార్చలే."

"చూశానని చెప్పాను కదండీ. ఆయన బాగానే ఉన్నారు, నాకది చాలు."

"ఇంకొక్కపారి చూడుండ్రమ్మా."

భూతద్దం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కళ్లు తుడుచుకుని, వంగి, మళ్లీ చూశారు.