బంగళా దాటేదాకా

హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయిన ఏడాది అది. విజయనగరం నుంచి బొబ్బిలి వెళ్లే బస్సులో, నా పక్కన కిటికీ దగ్గర కూర్చున్న ముసలాయన ఉన్నట్టుండి కాలెత్తి, చెప్పుతో సహా కిటికీ కమ్మీ మీద పెట్టాడు. చెప్పుకున్న మట్టి నా తెల్ల పంచె మీద రాలింది.

"కాలు దించు! ఇది బస్సా, మీ ఇంటి అరుగా?" అని అరిచాను.

"ఆ బంగళా దాటనీ, దించీస్తాను" అన్నాడు నావైపు చూడకుండానే.

బయట, పెంకులెగిరిపోయిన పాత బంగళా. తెల్లదొరలు సాయంత్రాలు చేరి తాగడానికి కట్టుకున్నది. దాని చరిత్ర మీద నేను రాసిన వ్యాసం నా ఒళ్లో సంచిలోనే ఉంది.

"అంత చరిత్ర ఉన్న కట్టడానికి కాలు చూపిస్తావా?" అన్నాను.

అప్పుడు తిరిగాడు. "ఏటి సరిత్ర? వరండాలో దొరలు తాగతంటే, మా తాత సెప్పులిప్పి సేత్తో పట్టుకుని ఈ రోడ్డంట నడిసీవోడు. దొరలు పోనాక అదే సారాకొట్టయ్యింది. మా అయ్య సెప్పులిచ్చీసి తాగీసి, ఉత్తికాళ్లతో ఇంటికొచ్చీవోడు. తుపానుకైనా పడలేదు, సూడు. ఇయి నా సెప్పులు. ఇక్కడ నాను తియ్యను."

బంగళా దాటగానే కాలు దించాడు.

బొబ్బిలిలో దిగాక వ్యాసం తీసి చదివాను. వరండా స్తంభాల గురించే ఒక పేజీ రాశాను. ఎదుటి రోడ్డు గురించి ఒక్క ముక్క లేదు.