నాలుగు కేజీల తడి

పోర్టు రోడ్డులో లారీలు తూచే కాటా ఒకటుంది. కాటా నాది కాదు గానీ, పక్క గదిలో కుర్చీ నాదే. ఇరవై ఏళ్లకు పైగా కూర్చుంటున్నాను. కుర్చీలు మూడు మారాయి. నేను మారలేదు, కాస్త వెడల్పయ్యాను. తడి ఇసుక లారీ మలుపులో ఉండగానే వాసన పట్టేస్తాను. బరువు పెరగాలని తూకం దాకా నీళ్లు, ఆ తర్వాత దారంతా కారడమే. ఆ ఆటలు నా దగ్గర సాగవని పద్మనాభం ఊరి దాకా, ఆ అవతల పొలాల్లో కొంగలకు కూడా తెలుసు.

ఒకరోజు లారీ మీద పడవ వచ్చింది. చిన్న తెరచాప పడవ, ఇద్దరికే చోటు. బోల్తాపడకుండా అడుగున చేప రెక్కలాంటి బరువైన ఇనుప పలక. పాత సామానులో దొరికితే దాని యజమానే బాగుచేసుకున్నాడట. ఒడ్డున పుట్టి పెరిగిన చేపలవేట ఇంటి మనిషి. తూకం అంకె చూడమంటే నన్ను చూశాడు.

"బావా, నువ్వెంతుంతావు?"

పరిచయమైన పది సెకన్లకే బావనైపోయాను. తొంభై ఒకటని సిగ్గుపడుతూ చెప్పాను.

"సాల్తాది. ఆదివారం వచ్చీ. గాలికి పడవ ఇటు ఒరిగితే నువ్వు అటు అంచు మీద కూకోవాలి. అంతే పని."

నా పొట్టను చూసి ఒకరు పని ఇవ్వడం చరిత్రలో అదే మొదలు. అప్పటినుంచి ఆదివారం చర్చిలో ఆఖరి ఆమెన్ నోట్లో ఉండగానే స్కూటరు కిక్కు కొట్టేవాణ్ణి. వారమంతా ఇతరుల బరువు చూసే మనిషికి, తన బరువు ఒకరికి పనికొస్తోందంటే ఎంత హాయి!

అంతలో డాక్టరు మా ఆవిడకు నా మీద సర్వాధికారాలు ఇచ్చేశాడు. అన్నం గిన్నె అటకెక్కింది, రాగి జావ గద్దెనెక్కింది. మూడు నెలల్లో ఎనభై ఏడుకి దిగాను. చర్చిలో అందరూ అభినందించారు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. ఎందుకంటే పడవ షెడ్డులో, పూర్ణా మార్కెట్లో బెల్లం దిమ్మలు తూచి తూచి రిటైరైన కాటా ఒకటుంది. గాలి ఎక్కువున్న ఆదివారాల్లో అతను దాని మీద నన్ను ఎక్కించేవాడు. "తొంభైకి తగ్గేవంటే ఇంకో బావని సూసుకుంతాను" అని నవ్వేవాడు. నేను నవ్వలేకపోయేవాణ్ణి.

ఆ ఆదివారం నైరుతి గాలికి కొబ్బరిమట్టలు చర్చి గంట కొడుతున్నాయి. అలాంటి రోజే బరువు కావాలి. బీరువాలో చుట్టాల కోసం దాచిన టర్కీ తువ్వాలు తీసుకెళ్లి, షెడ్డు వెనక కుళాయి కింద తడిపి, చొక్కా లోపల నడుముకి చుట్టి కాటా ఎక్కాను. సరిగ్గా తొంభై ఒకటి. ప్యాంటులోంచి ఒక ధార దిగి సిమెంటు నేల మీద గోదావరిలా పాయలుగా చీలింది. నా కాటా మీదకు ఇలా వచ్చిన లారీని భీమిలి దాకా తరిమి ఉండేవాణ్ణి.

"చెమట" అన్నాను.

అతను నేలకేసి చూశాడు. "మంచి సెమట బావా" అన్నాడంతే.

డాల్ఫిన్ నోస్ కొండ ముందుకు వచ్చేసరికి అలలు మధురవాడ అపార్ట్‌మెంట్లంత. ఒకదాని ఐదో అంతస్తులో ఎవరో బట్టలు ఆరేస్తున్నట్టు కూడా కనిపించింది. అతను చుక్కాని దగ్గర, నేను అంచు మీద పెద్ద తెరచాప తాడు పట్టుకుని. ఇంతలో ఒక గాలిదెబ్బ కొట్టింది. పడవ పక్కకు వాలిపోయింది, నీళ్లు లోపలికొచ్చాయి. నేను భయంతో తాడు ఇంకా బిగించి లాగాను.

"ఒగ్గీ! బావా, ఒగ్గీ!"

వదిలేయమంటున్నది తువ్వాలునే, గుట్టు తెలిసిపోయిందనుకున్నాను. తాడు పళ్ల మధ్య పెట్టుకుని, రెండు చేతులా తువ్వాలు విప్పి సముద్రంలోకి ఒగ్గేశాను.

"అది కాదు, ఎర్రి బావా! తాడు! తాడొగ్గీ!"

మూరెడు వదిలాను. తెరచాపలోంచి ఎక్కువైన గాలి జారిపోయింది. పడవ నిటారుగా లేచి, ఆ నిటారుతోనే పరుగందుకుంది. అప్పటినుంచి గాలిదెబ్బ వచ్చినప్పుడల్లా మూరెడు వదలడం, అది పోగానే మళ్లీ మూరెడు తీసుకోవడం. కింద నీళ్లు దోశ పెనం మీద చిలకరించినట్టు సుయ్‌మంటున్నాయి. లంగరేసిన ఓడలు ఒక్కొక్కటే మా వెనక్కి జరిగిపోతున్నాయి. అంత వేగంలో అంత నెమ్మది ఉంటుందని నాకు తెలియదు.

ఒడ్డుకొచ్చాక అతను కాటా చూపించాడు. "ఎక్కు."

ఎనభై ఏడు.

"తడిసిన వల బరువెంతో మా ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. నాకు తెల్దనుకున్నావేటి?"

"మరి ఎందుకు ఎక్కించుకున్నావు?"

"ఎంతసేపు మోత్తావో సూద్దామని."

"వేరే మనిషిని చూసుకుంటావా?" గొంతు సన్నగా వచ్చింది. అదీ నాలుగు కిలోలు తగ్గినట్టుంది.

అతను తెరచాప మడుస్తూ తల కూడా ఎత్తలేదు. "బరువు సాలనికాడ తాడు ఒగ్గడం తెల్సుంటే సాలు. ఇయ్యాల తెల్సింది కదా. వచ్చే ఆదివారం రా." రెండు మడతలయ్యాక ఆగాడు. "బావా, ఆ తువ్వాలు ఎవుల్దేటి?"

"మా ఆవిడది. అంచుకి పువ్వులు తనే కుట్టుకుంది."

"అయితే," అన్నాడు, "ఆదివారం దాకా బతికుంతే రా."