ఒక్క కుర్చీ ఉన్న గది

ఈ ప్లాస్టిక్ కుర్చీలు కనిపెట్టినవాడు ఎవరోగాని, అరవై దాటిన మనిషి వాటిలో కూర్చుంటే మళ్లీ లేవాల్సి కూడా వస్తుందన్న సంగతి అతనికి తట్టినట్టు లేదు. మా వరండాలో ఉన్న రెంటిలో ఒకదానికి వెనక కాళ్లు ఏడాదిగా మెల్లగా విచ్చుకుంటున్నాయి; మా ఆవిడ దాన్ని చుట్టాలకి వేసి, మంచిది నాకుంచుతుంది. మొన్న సాయంత్రం ఎదురింటి దర్జీ కూతురు వచ్చి, నేను వద్దనేలోగా ఆ కాళ్లు విచ్చిన కుర్చీలోనే కూర్చుని, తొమ్మిదో తరగతి చదివే తన కొడుకుని వచ్చే ఏడాదికి వేరే బడి చూసుకోమన్నారని, ఎండల గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. లెక్కల్లో వెనకబడ్డాడట, పదో తరగతిలో వాడివల్ల బడి ఫలితాలకి మచ్చ వస్తుందట. కుర్చీ సంగతి మరిచిపోయాను. ఇదే మాటని, ఇదే ఊళ్లో, ఈ పిల్ల గురించే, ఒకప్పుడు నేను నిలబడి విన్నాను.

నిలబడి అని ఊరికే అనలేదు. ఆ రోజుల్లో మా తిరువూరులో, మా వీధివరకైనా, బి.ఏ. పూర్తిచేసి పగలంతా ఖాళీగా దొరికే మనిషిని నేనొక్కణ్ణే. బస్టాండు దగ్గర టైపు ఇన్‌స్టిట్యూటు ఒకటి నడిపేవాణ్ణిగాని, అక్కడి మిషన్లకున్నంత విశ్రాంతి నాకూ ఉండేది. అంచేత, తల్లిదండ్రుల్ని తీసుకురమ్మని బడినుంచి పిల్లలకి చెప్పి పంపితే, ఆ తల్లిదండ్రులు నన్ను తీసుకుపోయేవారు. మాట్లాడే మనిషిని వెంటబెట్టుకుపోవడం మావైపు అలవాటు. పెళ్లిచూపులకీ, గట్టు తగువుకీ, బడికీ ఒకటే పద్ధతి. మొదట మా వీధివాళ్లు, తర్వాత విస్సన్నపేటనుంచీ ఎ.కొండూరునుంచీ షేరాటోల్లో దిగినవాళ్లు. నల్లకోటు లేని ప్లీడరని మా మామగారు అనేవారు. అల్లుడికి రాబడి లేదని చెప్పడానికి ఆయన ఎంచుకున్న మర్యాదైన దారి అది.

ఏ బడికి వెళ్లినా హెడ్మాస్టరు గదిలో ఒక సంగతి గమనించేవాణ్ణి. బల్లకి ఇవతల ఒక్కటే కుర్చీ ఉండేది. నా ఇస్త్రీ చొక్కా చూసి అది నాకు చూపించేవారు. పిల్లాడి తండ్రి గోడవార, తల్లి గుమ్మం బయట. నేను కూర్చున్నానా, ఆ క్షణంనుంచి నేనూ హెడ్మాస్టరూ ఒక పక్షం, వాళ్లిద్దరూ ఒక పక్షం అయిపోయేవాళ్లం. ఈ సంగతి తెలియడానికి కొన్ని ఓటములు పట్టాయి. ఆ తర్వాత నా న్యాయశాస్త్రమంతా ఒక్కటే, కూర్చోకపోవడం. ముగ్గురు పెద్దవాళ్లు ఎదురుగా నిలబడి ఉంటే ఎంత గట్టి మనిషైనా కుదురుగా కూర్చోలేడు. చివరికి పక్క గదినుంచి స్టూళ్లు తెప్పిస్తాడు. అందరూ కూర్చున్నాక సగం తగువు తనంతట తనే చల్లబడుతుంది.

దర్జీ కూతురి తగువు మాత్రం అలా చల్లబడలేదు. అది ఊరి చివర కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మీడియం బడి. నూటికి నూరుమందీ పాసని గేటుమీద బ్యానరు కట్టాలని వాళ్ల ఆశ. పదో తరగతిలో లెక్కలు రాని పిల్లలకి హాఫియర్లీ పరీక్షలు కాగానే టీసీ ఇచ్చేసి, బయటినుంచి ప్రైవేటుగా పరీక్ష కట్టుకోమనేవారు. లెక్కలు నేర్పడంకంటే అది తేలిక. దర్జీకి తెలిసింది ఒక్కటే, బడి మానిన ఆడపిల్ల కుట్టుమిషను ముందు కూర్చుంటుంది, కూర్చున్నాక మళ్లీ పుస్తకం పట్టదు. తన చెల్లెళ్ల చదువు అక్కడే ఆగిందని దారి పొడుగునా చెబుతూనే వచ్చాడు.

ఆ అమ్మాయికి నేనేమవుతానని ప్రిన్సిపాలు అడిగాడు. ఎదురింటివాణ్ణని చెప్పాను. ఆ చుట్టరికానికి చట్టంలో చోటు లేదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. స్టూళ్లు వచ్చాయి, కూర్చున్నాం, నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టాను. అంతా పిల్ల మంచికేనని చెప్పి, అతను చిరునవ్వుతో వింటూ టీసీ పుస్తకం దగ్గరికి లాక్కుంటున్నాడు. అప్పుడు, అంతవరకూ గుమ్మం దగ్గరే ఉండిపోయిన తల్లి లోపలికి వచ్చింది.

“చేర్చుకునేటప్పుడు మా పిల్లకి లెక్కలొచ్చా అని అడగలేదు కదండీ. నేర్పుతామన్నారు. నేర్పండి మరి.”

బి.ఏ.లో నాకు నేర్పనిది ఇదేననుకుంటాను. పిల్లని ఉంచుకున్నారు. మార్చిలో ఆ పిల్ల పాసయింది, లెక్కల్లో గీత మాత్రం దాటింది. మాట నిలబెట్టుకుని నేర్పినట్టే ఉన్నారనుకుని అందరం సంతోషించాం. గేటుమీద బ్యానరూ లేచింది. దర్జీ నాకొక తెల్లచొక్కా కుట్టి ఇచ్చాడు. ఆ తర్వాత ఏ బడి మెట్లెక్కినా ఆ చొక్కాతోనే ఎక్కాను.

ఇప్పటి బడుల్లో సోఫాలున్నాయి, ఏసీ ఉంది, తల్లిదండ్రులందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది, అందులో పొద్దున్నే పూలబొమ్మలు వస్తాయి. ఎవర్నీ నిలబెట్టరు. అందర్నీ కూర్చోబెట్టి, ఓపిగ్గా విని, నీళ్ల సీసా ఇచ్చి, ఆ వెంటనే టీసీ ఇస్తారు. కూర్చోకపోవడం తప్ప మరో విద్య రాని నాబోటివాడికి ఆ మెత్తటి సోఫాల ముందు ఏం పని? పైగా నా మోకాళ్లు కూడా ఈమధ్య అవతలి పక్షంలో చేరాయి. నాతో తిరిగిన ఆ తల్లిదండ్రుల్లో చాలామంది లేరు. దర్జీ పోయి కూడా ఏళ్లయింది. మిషను ఇప్పుడు ఆ కూతురిదే.

అయినా అలవాటు పోదు. మొన్న ఆ అమ్మాయి చెప్పడం ముగించకముందే లోపలికి వెళ్లి, బీరువాలోంచి వాళ్ల నాన్న కుట్టిన చొక్కా తీసి తొడుక్కుని వచ్చాను. పొట్టదగ్గర బొత్తాం పట్టలేదుగాని, కుట్టు ఎక్కడా వదల్లేదు. ఆమె పక్కకుట్టు వేళ్లతో చూసి, లోపల గుడ్డ ఉంది, వదులు చెయ్యొచ్చంది. రేపు ఎన్నింటికి వెళదామని అడిగాను. పిలవడానికి రాలేదని, మనం అడగకుండా వాళ్లంతట వాళ్లు టీసీ ఇవ్వొచ్చా అన్నది కనుక్కుందామని వచ్చానని చెప్పింది. ఇవ్వకూడదన్నాను. తల ఊపి, ఆ కాళ్లు విచ్చిన కుర్చీలోంచి ఎంతో తేలిగ్గా లేచింది. ఎందుకైనా మంచిది, తోడు వస్తానన్నాను.

“వద్దు బాబాయ్. ముందు వాణ్ణి అడగాలి, అక్కడ ఉంటాడో లేదో. నన్నప్పుడు ఎవరూ అడగలేదు. మీరంతా కలిసి నన్ను ఉంచారుగాని, పరీక్షలయ్యేదాకా ఆ క్లాసులో ఒక్క టీచరూ నా మొహం చూడలేదు. మాట్లాడి వచ్చేసింది మీరు, కూర్చున్నది నేను.”